వాలిడేటర్ పచ్చజెండా ఊపాక మిగిలే పని

(నెల్లూరులో వెబ్ డిజైన్ పని చేసేవాళ్ళ ముందు, నేర్చుకుంటున్న విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం పాఠం. తెర మీద చూపించిన కోడు ముక్కల్ని ఇక్కడ మాటల్లోనే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో ఉన్నవాళ్ళు కాస్త ముందుకు రండి. తెర మీద అక్షరాలు చిన్నవి. అక్షరాలు కనపడకపోతే ఏమవుతుందన్నదే ఇవాళ్టి మాట కాబట్టి ఆ ఇబ్బంది కూడా పాఠంలో భాగమే అనుకోండి.

ఒక వాక్యం చెప్తాను. "మా బర్రె ఆకాశాన్ని ఉతికి దండెం మీద ఆరేసింది." వ్యాకరణం ప్రకారం ఇందులో తప్పు పట్టండి చూద్దాం. కర్త ఉంది, కర్మ ఉంది, క్రియ ఉంది, విభక్తి సరిగ్గానే పడింది. తెలుగు మాస్టారు ఎర్ర సిరా పెట్టడానికి చోటు లేదు. వెబ్ ప్రమాణాలు రాసే సంస్థ డబ్ల్యూ3సీ. పేజీ కోడులో తప్పులు పట్టే దాని వాలిడేటర్ చేసేది అచ్చంగా ఆ మాస్టారు పనే. ట్యాగు (కోడులో ఒక్కో భాగం ఏంటో చెప్పే గుర్తు) మూశావా, ఉండకూడని చోట పెట్టావా, ఒకే ఐడీ (ఒక భాగానికి పెట్టే గుర్తింపు పేరు) రెండుసార్లు వాడావా, అంతవరకే దాని చూపు. చూపు లేని మనిషికి ఆ పేజీ చేరుతుందా, రోహిణి కార్తె ఎండలో చెరువు గట్టున ఫోను పట్టుకున్న రైతుకి అక్షరం కనపడుతుందా అని అది అడగదు. అడగడం దాని పని కూడా కాదు.

దీన్ని మన కాలేజీ సైట్లలో బాగా చూడొచ్చు. ఏ కాలేజీ సైటు తెరిచినా పైన ఒక స్క్రోలింగ్ ఉంటుంది: పరీక్ష ఫీజు ఆఖరి తేదీ, హాల్ టికెట్లు, పక్కనే మిణుకు మిణుకుమనే "కొత్త" బొమ్మ. అది అక్షరాల్ని పరిగెత్తించే మార్క్యూ ట్యాగుతో రాసి ఉంటే వాలిడేటర్ వెంటనే పట్టుకుంటుంది: ఈ ట్యాగు కాలం చెల్లింది, సీఎస్ఎస్ (పేజీ రూపురేఖలు చెప్పే కోడు) వాడు అంటుంది. సరేనని మనవాడు మార్క్యూ తీసేసి, సీఎస్ఎస్ యానిమేషన్‌తో అదే వాక్యాన్ని కుడి నుంచి ఎడమకి పరిగెత్తిస్తాడు. మళ్ళీ పరీక్షిస్తే తప్పులు సున్నా. కానీ చదివే మనిషికి ఏం మారింది? ఏమీ మారలేదు. తెర మీద కొంత భాగాన్నే పెద్దది చేసుకుని చూసేవాళ్ళకి వాక్యం సగం రాగానే జారిపోతుంది. నిదానంగా చదివేవాళ్ళకి తేదీ దగ్గరికొచ్చేసరికి అది ఎడమ అంచు దాటేసి ఉంటుంది. ఆ తేదీ కోసం మళ్ళీ చుట్టు తిరిగి వచ్చేదాకా కాచుకోవాలి.

వెబ్ యాక్సెసిబిలిటీ నియమాలున్నాయి కదా, అంటే వైకల్యం ఉన్నవాళ్ళతో సహా అందరికీ పేజీ అందేలా చూసేవి, డబ్ల్యూసీఏజీ, అవి దీన్ని వేరే కొలతతో చూస్తాయి. తనంతట తాను మొదలై, 5 సెకన్లకు మించి కదులుతూ, పక్కన వేరే సమాచారంతో పాటు కనపడేది ఏదైనా సరే, దాన్ని ఆపడానికో దాచడానికో ఒక దారి ఇవ్వాలి. మౌసు పెడితే ఆగుతుందంటే చాలదు, ఫోనులో మౌసు లేదు, కీబోర్డు మాత్రమే వాడేవాళ్ళకీ లేదు. ఇక మిణుకుమనే బొమ్మల సంగతికొస్తే, సెకనుకు మూడు సార్లకు మించి ఏదీ మెరవకూడదు. కొందరికి దానివల్ల మూర్ఛ వస్తుంది. ఇందులో బేరం లేదు.

ఇప్పుడు ఎదురు వైపు నుంచి చూద్దాం. వాలిడేటర్ చూపించే తప్పులన్నీ మనిషికి తగిలేవేనా? కావు. 2008లో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.0లో పార్సింగ్ అని ఒక నియమం ఉండేది. ట్యాగులు సరిగ్గా మూసి ఉండాలి, ఐడీలు రెండుసార్లు రాకూడదు అని. 2023 అక్టోబరులో 2.2 వచ్చినప్పుడు దాన్ని ఎత్తేశారు. ఎందుకంటే తప్పుడు హెచ్‌టీఎంఎల్ (పేజీని కట్టే ట్యాగుల కోడు) వస్తే ఎలా సర్దుకోవాలో ఇప్పుడు ప్రమాణంలోనే రాసిపెట్టారు. అన్ని బ్రౌజర్లూ ఒకే రకంగా సర్దుకుంటాయి. ఒకప్పుడు పేజీ అడుగున "వాలిడ్" అని చిన్న ముద్ర బొమ్మ పెట్టుకుని మురిసిపోయేవాళ్ళం. ఆ రోజులు పోయాయి.

అయితే వాలిడేటర్ మానేద్దామా అంటే, వద్దు. సర్దుకోవడం వేరు, మీరు అనుకున్నట్టు సర్దుకోవడం వేరు. పీ అంటే పేరా ట్యాగు, డివ్ అంటే ఉత్త పెట్టె లాంటి ట్యాగు. పీ ట్యాగు లోపల డివ్ పెట్టారనుకోండి. డివ్ కనపడగానే బ్రౌజర్ ఆ పీని అక్కడే మూసేస్తుంది. మీరు చివర రాసిన పీ ముగింపు ఒంటరిదైపోయి, దానికోసం ఒక ఖాళీ పేరా పుడుతుంది. "ఇక్కడ ఈ ఖాళీ ఎక్కణ్ణుంచి వచ్చింది సార్" అని మార్జిన్లతో పొద్దంతా కుస్తీ పట్టేది ఇందుకే. లింకు లోపల లింకు పెట్టినా ఇంతే, కార్డు మొత్తం ముక్కలైపోతుంది.

రెండుసార్లు వాడిన ఐడీ ఇంకా చెడ్డది. హోటల్ సైటులో పైన ఒక బుకింగ్ ఫారం, అడుగున మళ్ళీ అదే ఫారం కాపీ. రెండింట్లోనూ ఫోన్ నంబరు గడికి ఒకే ఐడీ. అడుగున "ఫోన్ నంబరు" అనే మాట మీద వేలు పెడితే పేజీ పైకి ఎగిరి, పై ఫారంలో కర్సర్ పడుతుంది. స్క్రీన్ రీడర్ అంటే తెర మీది మాటల్ని చూపు లేనివాళ్ళకి చదివి వినిపించే సాఫ్ట్‌వేరు. అడుగు గడి దగ్గరికొచ్చిన స్క్రీన్ రీడర్‌కి దాని పేరే తెలియదు, ఉత్తినే "ఎడిట్" అంటుంది. ఏం రాయాలి అందులో?

కాబట్టి వాలిడేటర్‌లో ఎర్రగా నలభై వరసలు వస్తే కంగారుపడకుండా విడదీయండి. ఐడీ రెండుసార్లు రావడం, ఒకదాంట్లో ఒకటి ఇరికించడం, మూయని ట్యాగు, ఆల్ట్ (బొమ్మకి బదులు చదివే మాట) లేని బొమ్మ, లేబుల్ (గడి పేరు) తెగిపోవడం: ఇవి ఇవాళే దిద్దాలి. బ్రౌజర్‌కి తెలియని యాట్రిబ్యూటు (ట్యాగు లోపల రాసే అదనపు మాట), పాత పద్ధతిలో ముందు వెబ్‌కిట్ అని తగిలించిన సీఎస్ఎస్ లాంటివి ఎవరినీ కుట్టవు. తెలియని సీఎస్ఎస్ వరసని బ్రౌజర్ చప్పుడు చేయకుండా వదిలేస్తుంది. వాలిడేటర్‌ని మెప్పించడం కోసం పనిచేస్తున్న ఎఫెక్టుని పీకేయకండి. ఇంకొకటి, ఆల్ట్ లేకపోతే తప్పు అంటుంది గానీ, ఆల్ట్‌లో "ఇమేజ్ 1" అని రాస్తే కిమ్మనదు. వెంకటగిరి చీర ఫోటోకి "ఇమేజ్ 1" అని రాస్తే ఏ రంగు చీరో, ఏ అంచో ఎట్టా తెలిసేది? "బంగారు జరీ అంచు, లేత గులాబీ రంగు వెంకటగిరి చీర" అని రాయడానికి పది సెకన్లు పడుతుంది. అలంకారానికి పెట్టిన ముగ్గు బొమ్మైతే ఆల్ట్‌ని ఖాళీగా ఉంచండి. ఖాళీగా ఉంచడం వేరు, అసలు రాయకపోవడం వేరు. రాయకపోతే కొన్ని స్క్రీన్ రీడర్లు ఫైలు పేరు మొత్తం అంకెలతో సహా చదువుతాయి.

వాలిడేటర్ మురిపెంగా వదిలేసేవాటిలో పెద్దది డివ్ బటన్. డివ్ తీసుకుని, గుండ్రటి అంచులు, నీడ, రంగు అద్ది, నొక్కితే పని జరిగేలా ఆన్‌క్లిక్ తగిలిస్తారు. చూడ్డానికి బటనే. వాలిడేటర్‌కి అభ్యంతరం లేదు. ట్యాబ్ నొక్కుతూ వెళ్తే మాత్రం దాని మీద ఆగదు. స్క్రీన్ రీడర్ దాన్ని బటన్ అని చెప్పదు. దీన్ని సరిచేయాలంటే ఇది బటన్ అని చెప్పే రోల్ పెట్టాలి, ట్యాబ్ దాని మీద ఆగేలా ట్యాబ్ఇండెక్స్ సున్నా పెట్టాలి, ఎంటర్‌కి ఒకటి, స్పేస్‌కి ఒకటి స్క్రిప్టు రాయాలి. ఇంత తంటా పడే బదులు బటన్ ట్యాగు రాసి, దాని బోర్డరు, బ్యాక్‌గ్రౌండు తీసేసి, మీ నీడలన్నీ దానికే వేసుకోండి. అందం అణువంతైనా తగ్గదు. డిజైనర్లు బటన్ ట్యాగు వద్దనేది దాని పాత బూడిదరంగు ముఖం చూసి. ఆ ముఖం మూడు వరసల సీఎస్ఎస్‌తో పోతుంది.

అలాగే "అవుట్‌లైన్ నన్". ట్యాబ్ నొక్కితే వచ్చే నీలం గీత బాగోలేదని తీసేస్తారు. తీసేస్తే కీబోర్డు మనిషికి తానెక్కడున్నాడో తెలియదు, చీకట్లో గోడ తడుముకున్నట్టే. సీఎస్ఎస్‌లో ఫోకస్ విజిబుల్ అనే సెలెక్టరు ఉంది. దానికి 3 పిక్సెళ్ళ గీత, 2 పిక్సెళ్ళ ఎడం, మీ సైటు రంగుల్లోనే ఇవ్వండి. మౌసుతో బటన్ నొక్కేవాళ్ళకి అది కనపడదు, కీబోర్డు వాళ్ళకి కనపడుతుంది. కస్టమరూ గొడవ చేయడు.

ఇక అసలు తగాదా దగ్గరికి వద్దాం, ఎఫెక్టులు. చీమకుర్తి నల్ల గ్రానైట్ తెలుసు కదా, బ్లాక్ గెలాక్సీ. నల్లటి రాయిలో బంగారు చుక్కలు, రాత్రి ఆకాశంలా ఉంటుంది. గ్రానైట్ వ్యాపారి సైటు కట్టమంటే మొదట అడిగేది ఏంటి? ఆ రాయి ఫోటోని తెర నిండా వేసి, దాని మీద తెల్లటి అక్షరాలు. అడగడంలో తప్పు లేదు, ఆయన అమ్మేది ఆ అందమే.

ఇబ్బంది ఎక్కడొస్తుందంటే, రాయి నల్లగా ఉన్నంతమేర తెల్ల అక్షరం బ్రహ్మాండంగా కనపడుతుంది. చుక్క మీద పడ్డచోట కరిగిపోతుంది. ఇంగ్లీషు అక్షరానికి ఒక చుక్క అడ్డొస్తే పెద్ద నష్టం లేదు. మన లిపిలో ద కింద చిన్న గీత ఉంటే ధ, ప కింద గీత ఉంటే ఫ. చుక్క సరిగ్గా అక్కడ పడితే ఒత్తు ఉన్నట్టో లేనట్టో ఉంటుంది.

కొలత ఎలా తీయాలో చూడండి. మామూలు సైజు అక్షరానికి, వెనక రంగుకి మధ్య కాంట్రాస్టు, అంటే వెలుగుల తేడా నిష్పత్తి, 4.5కి 1 ఉండాలి. పెద్ద అక్షరమైతే, అంటే 24 పిక్సెళ్ళు లేదా బోల్డులో సుమారు 18.7 పిక్సెళ్ళు దాటితే, 3కి 1 చాలు. ఫోటో మీద అక్షరం పెట్టినప్పుడు ఫోటో సగటు రంగుతో కాదు, అక్షరం వెనక పడగలిగే అన్నిటికన్నా తెల్లటి చుక్కతో కొలవాలి. పచ్చి తెలుపే పడిందనుకుందాం. దాని మీద నల్ల పొర 50 శాతం వేస్తే తెలుపు నడిమి బూడిదగా మారుతుంది. తెల్ల అక్షరంతో నిష్పత్తి సుమారు 4, చాలలేదు. 55 శాతం వేస్తే 4.7 దాటుతుంది. 60 శాతం వేస్తే 5.7. అంటే 60 శాతం నల్ల పొర వేస్తే ఏ ఫోటో పెట్టినా బతికిపోతాం, రేపు కస్టమరు ఫోటో మార్చినా సరే. ఆ పొరని తెర మొత్తం వేస్తే రాయి మెరుపు చచ్చిపోతుంది కాబట్టి, అక్షరాలున్న ఎడమ భాగానికి మాత్రం వేసి, కుడి వైపుకి గ్రేడియంటుగా కరిగించండి. కుడి సగంలో చుక్కలు వాటి మానాన అవి మెరుస్తాయి.

ఆ ఫోటో కింద బ్యాక్‌గ్రౌండు రంగు కూడా నలుపు పెట్టడం మర్చిపోవద్దు. ఉదయగిరి పక్కనో కనిగిరి పక్కనో సిగ్నల్ ఒక గీత ఉన్నచోట ఫోటో రాకపోతే, తెల్ల పేజీ మీద తెల్ల అక్షరాలు మిగులుతాయి. ఒక్క వరస సీఎస్ఎస్ అది.

రంగుల మాట వచ్చింది కాబట్టి, మన ఫ్లెక్సీల అలవాటు. పసుపు మీద ఎరుపు. నిండు పసుపు మీద నిండు ఎరుపు పెడితే నిష్పత్తి 3.7. పెద్ద శీర్షికకి సరిపోతుంది, కింద రాసే చిన్న అక్షరాలకి సరిపోదు. ఎరుపుని 255 నుంచి 192కి దించండి, 6 దాటుతుంది. కంటికి ఎరుపులాగే ఉంటుంది, జాతర కళ పోదు. తెలుపు మీద బూడిదరంగు అక్షరాలు ఇప్పుడు ఫ్యాషను. దాంట్లో గీత ఎక్కడంటే, మూడు రంగులూ 118 దగ్గర 4.54 వస్తుంది, 119 దగ్గర 4.48కి పడుతుంది. 153కి పోతే 2.8, అది చదవడానికి కాదు, అలంకారానికి. వాట్సాప్ పచ్చ మీద తెల్ల గుర్తు 2 కూడా రాదు. మూలన తేలే ఆ గుండ్రటి బటన్ పెట్టేవాళ్ళు ఆ పచ్చని ముదురు చేయండి, లేదా గుర్తుని నల్లగా వేయండి. దాని మీద "వాట్సాప్‌లో మాట్లాడండి" అని మాట కూడా పెట్టండి. బటన్లు కనీసం 24 పిక్సెళ్ళ చదరం ఉండాలన్నది డబ్ల్యూసీఏజీ 2.2 నియమం. నన్నడిగితే వేలికి 44 పెట్టండి.

ఇప్పుడు చెప్పేవి ఇంగ్లీషు పాఠాల్లో పెద్దగా దొరకవు, తెలుగు సైటు కట్టేవాళ్ళకి మాత్రం రోజూ తగిలేవి. అందుకని కాస్త నిదానంగా చెప్తాను.

మొదటిది లాంగ్ యాట్రిబ్యూటు. టెంప్లేటు దించుకుంటే హెచ్‌టీఎంఎల్ ట్యాగులో భాష ఇంగ్లీషు అని ఉంటుంది. లోపల మనం తెలుగు నింపుతాం. స్క్రీన్ రీడర్ ఆ మాట నమ్మి ఇంగ్లీషు గొంతుతో తెలుగు చదవబోతుంది. గొంతుని బట్టి కొన్ని నోరే తెరవవు, కొన్ని ఒక్కో అక్షరం సంకేతం చదువుతాయి. టీ ఈ అని రెండక్షరాలు మారిస్తే సరిపోతుంది. పేజీలో ఒక పేరా ఇంగ్లీషులో ఉంటే ఆ పేరాకి మాత్రం ఇంగ్లీషు అని పెట్టండి.

రెండోది డీటీపీ అక్షరాలు. కల్యాణ పత్రికలు, కరపత్రాలు అను ఫాంట్లలో కొడతాం. ఆ మ్యాటరు అలాగే కాపీ చేసి పేజీలో వేసి, ఆ ఫాంటు తగిలిస్తే కంటికి తెలుగులా కనపడుతుంది. నిజానికి అక్కడున్నవి ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు. తొడుగు మాత్రం తెలుగు. స్క్రీన్ రీడర్ చదివితే గందరగోళం, గూగుల్‌లో వెతికితే దొరకదు, ఫాంటు దిగకపోతే కంటికి కూడా గందరగోళమే. వాలిడేటర్‌కి ఇది తప్పు కాదు, గుర్తుంచుకోండి. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, మార్చాక ఒత్తులు ఒకసారి కంటితో సరిచూసుకోండి.

మూడోది, శీర్షికలు. రామభద్ర ఫాంటు అందరికీ ఇష్టం, దిట్టంగా ఉంటుంది. అది ఒకే మందంలో దొరుకుతుంది. హెచ్1 ట్యాగు తనంతట తానే బోల్డు. బోల్డు లేని ఫాంటుని బోల్డు చేయమంటే బ్రౌజర్ ఉన్న అక్షరాన్నే ఉబ్బిస్తుంది. ఉబ్బగానే ఘ, ఝ, ఱ లాంటి వాటి లోపలి సందులు పూడిపోతాయి. ఫాంటు వెయిట్ నార్మల్ అని రాయండి, అందం తిరిగొస్తుంది. ఇటాలిక్ కూడా అంతే, మన ఫాంట్లలో చాలావాటికి అసలు ఇటాలిక్ లేదు, బ్రౌజర్ పక్కకి వంచేస్తుంది. నొక్కి చెప్పాలంటే రంగో మందమో వాడండి.

వరస ఎత్తు ఇంగ్లీషుకి 1.2 పెడితే నడుస్తుంది. మనకి పైన గుడి, కింద ఒత్తు, ఒక్కోసారి ఒత్తు కింద ఒత్తు. పేరాలకి 1.7, శీర్షికలకి 1.4 కంటే దించొద్దు. గ్రేడియంటు అక్షరాల ఎఫెక్టు వాడేటప్పుడు మరీ జాగ్రత్త. ఆ ఎఫెక్టులో రంగు అక్షరానిది కాదు, వెనక పెట్టెది. అక్షరం పెట్టె దాటి కిందికి దిగితే ఆ ముక్కకి రంగే ఉండదు. "స్త్రీ" అని రాస్తే కింద ఒత్తులు కోసుకుపోతాయి. కింద 0.3 ఈఎం (అక్షరం సైజులో 0.3 వంతు) ప్యాడింగు, అంటే పెట్టె లోపలి ఖాళీ, ఇస్తే సరిపోతుంది.

నాలుగోది చూపిస్తాను, తెర వైపు చూడండి. శీర్షికలో ఒక్కో అక్షరం ఎగిరి వచ్చి కూర్చునే యానిమేషను ఉంది కదా. దాని స్క్రిప్టు పదాన్ని ముక్కలు చేసి, ఒక్కో ముక్కని ఒక్కో స్పాన్ ట్యాగులో పెడుతుంది. "నెల్లూరు" ఇచ్చాను. మన కంటికి మూడు అక్షరాలు: నె, ల్లూ, రు. స్క్రిప్టుకి ఎనిమిది. న, ఎత్వం, ల, పొల్లు, మళ్ళీ ల, ఊత్వం, ర, ఉత్వం. చూశారా, చుక్కల గుండ్రాలు వచ్చాయి. ఆధారం లేని గుణింతపు గుర్తుని ఒంటరిగా నిలబెడితే బ్రౌజర్ దానికి ఆ చుక్కల గుండ్రం కింద పెడుతుంది. ఊరి పేరు తునాతునకలు. జావాస్క్రిప్టులో ఇంట్ల్ సెగ్మెంటర్ అని ఉంది, అక్షరాల ప్రకారం కోస్తుంది గానీ, పాత బ్రౌజర్లలో "ల్లూ"ని ల్, లూ అని రెండుగా కోస్తుంది. అందుకని తెలుగులో అక్షరం అక్షరం ఎగరేసే పని పెట్టుకోవద్దు. పదం పదంగా ఎగరేయండి, అందంగానే ఉంటుంది. పదాలుగా కోసినా సరే, స్క్రీన్ రీడర్ కోసం ఆ ముక్కలన్నిటికీ ఏరియా హిడెన్ (దానికి వినపడకుండా దాచే యాట్రిబ్యూటు) పెట్టి, పూర్తి వాక్యాన్ని కంటికి కనపడని క్లాసుతో పక్కన ఉంచండి. ఉత్త స్పాన్‌కి ఏరియా లేబుల్ (స్క్రీన్ రీడర్‌కి చెప్పే పేరు) తగిలించకండి, రోల్ లేని స్పాన్‌కి అది పెట్టకూడదని నియమం, చాలాచోట్ల పనిచేయదు కూడా.

కదలికల గురించి. కొందరికి తెర మీద పెద్ద కదలిక చూస్తే కళ్ళు తిరుగుతాయి, వాంతి వచ్చినట్టు ఉంటుంది. లోపలి చెవి సమస్య అది. అలాంటివాళ్ళు ఫోను సెట్టింగుల్లో యానిమేషన్లు తీసేయమని పెట్టుకుంటారు. ఆ సంగతి మన సీఎస్ఎస్‌కి ప్రిఫర్స్ రెడ్యూస్డ్ మోషన్ ద్వారా తెలుస్తుంది. మామూలుగా చేసేది ఏంటంటే, యానిమేషన్లన్నీ రాసేసి, చివర్లో "వద్దన్నవాళ్ళకి ఆపు" అని ఒక ముక్క రాయడం. నేను చెప్పేది దానికి తిరగేసి. పేజీ ముందు కదలకుండా పూర్తిగా నిలబడాలి. తర్వాత, నో ప్రిఫరెన్స్ అని ఉన్నప్పుడు మాత్రమే కదలిక కలిపే బ్లాకు రాయండి. అప్పుడు కొత్త ఎఫెక్టు ఏది కలిపినా మర్చిపోయి బయట వదిలేసే ప్రమాదం ఉండదు.

కిందికి జరిపేకొద్దీ పేరాలు తేలి వచ్చే ఎఫెక్టు కూడా ఇట్టాగే కట్టాలి. ఆ ఎఫెక్టులో ముందు అన్నిటికీ ఒపాసిటీ సున్నా పెడతారు, అంటే కంటికి కనపడకుండా చేస్తారు. స్క్రిప్టు వచ్చి ఒక్కొక్కదాన్నీ బయటపెడుతుంది. స్క్రిప్టు దిగకపోతే? పేజీ మొత్తం తెల్ల కాగితం. తమాషా ఏంటంటే స్క్రీన్ రీడర్ మాత్రం ఒపాసిటీ సున్నా ఉన్నదాన్ని చక్కగా చదువుతుంది, కళ్ళున్నవాడికే ఏమీ ఉండదు. దీనికి మందు: స్క్రిప్టు మొదలవగానే హెచ్‌టీఎంఎల్ ట్యాగుకి ఒక క్లాసు కలపాలి, ఆ క్లాసు ఉన్నప్పుడే దాచే సీఎస్ఎస్ పనిచేయాలి. స్క్రిప్టు రాకపోతే దాచడమే జరగదు.

యానిమేషను తొట్రుపడితే కారణం చాలాసార్లు ఒకటే: లెఫ్ట్, టాప్, విడ్త్ మార్చడం. అవి మారిన ప్రతిసారీ బ్రౌజర్ పేజీ కొలతలు మళ్ళీ వేసుకోవాలి, సెకనుకు 60 సార్లు. ట్రాన్స్‌ఫామ్, ఒపాసిటీ మారిస్తే ఆ లెక్క అక్కర్లేదు. బొమ్మలకి వెడల్పు, ఎత్తు ట్యాగులోనే రాయండి. రాయకపోతే బొమ్మ దిగగానే కిందిదంతా జరిగి, "ఫోన్ చేయండి" నొక్కబోయిన వేలు ఇంకోదాని మీద పడుతుంది. ప్రీలోడర్, అంటే పేజీ దిగేదాకా ముందు కనపడే తిరిగే బొమ్మ, దాని గురించి ఒకే మాట, తీసేయండి.

మనకు దగ్గరి ఉదాహరణ ఒకటి. రొయ్యల రేట్లు. కౌంట్ అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ లెక్క. రోజూ పొద్దున్నే 30 కౌంట్ ఇంత, 40 కౌంట్ ఇంత, 100 కౌంట్ ఇంత అని రంగురంగుల జేపెగ్ బొమ్మ చేసి సైట్లో పెడతారు. పెద్దది చేస్తే అంకెలు మసకబారతాయి, స్క్రీన్ రీడర్ "ఇమేజ్" అని ఊరుకుంటుంది. దాన్ని టేబుల్‌గా రాయండి. క్యాప్షన్‌లో తేదీ. పై వరసలో కౌంట్, నిన్నటి ధర, ఇవాళ్టి ధర, వీటికి శీర్షిక గడి ట్యాగు టీహెచ్, నిలువు వరసకి శీర్షికని చెప్పే స్కోప్ కాలమ్. ఎడమ నిలువు వరసలో కౌంట్ సంఖ్యలకి కూడా టీహెచ్, అడ్డ వరసకి శీర్షికని చెప్పే స్కోప్ రో. ఇప్పుడు ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్‌లో కంట్రోల్, ఆల్ట్, బాణం నొక్కుతూ వెళ్తే అంకెతో పాటు "ఇవాళ్టి ధర", "40 కౌంట్" అని శీర్షికలు కూడా వినపడతాయి. రేటు పెరిగితే పచ్చ, తగ్గితే ఎరుపు వేస్తారు కదా, వేయండి. కానీ రంగులు తేడా తెలియని వాళ్ళుంటారు, పక్కన "పెరిగింది" అనో పైకి బాణమో ఉండాలి. ఫోనులో టేబుల్ పట్టకపోతే టేబుల్‌కే డిస్‌ప్లే బ్లాక్ పెట్టకండి. కొన్ని బ్రౌజర్లలో దాంతో అది టేబుల్ అనే సంగతే పోతుంది. చుట్టూ ఒక డివ్ పెట్టి, దానికి అడ్డంగా జరిగే స్క్రోల్ ఇవ్వండి. వరస మార్చి వరసకి లేత రంగు, మౌసు పెడితే వరస మెరవడం, ఇవన్నీ టేబుల్ మీద హాయిగా వేసుకోవచ్చు. జేపెగ్ కన్నా అందంగానే వస్తుంది.

పరీక్ష ఎలా చేయాలంటే, మౌసు పక్కన పెట్టి ట్యాబ్‌తో పేజీ చివరిదాకా వెళ్ళండి. మామూలు సైటుకి రెండు నిమిషాలు. తర్వాత 1280 పిక్సెళ్ళ వెడల్పు కిటికీలో 400 శాతం పెంచండి, అడ్డంగా జరపకుండా చదవగలగాలి. వ్యూపోర్టులో యూజర్ స్కేలబుల్ నో అని ఉంటే తీసేయండి, పెంచుకునే హక్కు లాక్కోవడం అది. ఎన్‌వీడీఏ ఉచితం, దించుకుని హెచ్ కీ నొక్కుతూ శీర్షికలు మాత్రం వినండి. పేజీ సంగతి అర్థం కావాలి. వాలిడేటర్‌ని రెండుసార్లు వాడండి: ఎఫెక్టులు వేయకముందు ఒకసారి, వేశాక ఒకసారి. రెండోసారి కొత్తగా వచ్చిన తప్పులు ఎఫెక్టులు తెచ్చినవి, వెతుక్కోనక్కర్లేదు.

ఇక ప్రశ్నలు.

– కస్టమరు స్క్రోలింగ్ కావాల్సిందే అంటే ఏం చేయాలన్నా?

ఇవ్వండి. పక్కన "ఆపు" అనే బటన్ పెట్టండి, నిజమైన బటన్ ట్యాగుతో. యానిమేషన్లు వద్దన్న ఫోన్లలో అది నిలబడి ఉండాలి. అవే నోటీసులు కింద తేదీలతో మామూలు జాబితాగా కూడా ఉండాలి. ఆయన అడిగింది కదిలే వరస, అది ఉంటుంది. చదివేవాళ్ళు ఆ జాబితా చదువుకుంటారు.

– ఒక్క వరస స్క్రిప్టు పెడితే సైటు మొత్తం యాక్సెసిబుల్ అవుతుందని ప్లగిన్లు వస్తున్నాయి కదండీ?

మూలన చక్రాల కుర్చీ బొమ్మ వేసేవి. అక్షరం పెంచడం, రంగు మార్చడం ఫోనులోనే ఉన్నాయి. డివ్ బటన్‌ని, పేరు లేని గడిని అవి నమ్మకంగా సరిచేయలేవు. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2025లో అలాంటి ఒక కంపెనీ చేత, చేయలేనిది చేస్తానని ప్రచారం చేసుకున్నందుకు, 10 లక్షల డాలర్లు కట్టించింది. మన దగ్గరా 2016 వికలాంగుల హక్కుల చట్టం ఉంది. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమని చెప్పింది. ప్రభుత్వ సైట్లు కట్టేవాళ్ళకి జీఐజీడబ్ల్యూ 3.0 అనే మార్గదర్శకాల పుస్తకం ఉంది, అది డబ్ల్యూసీఏజీ 2.1 డబుల్ ఏ స్థాయి (మూడు స్థాయిల్లో నడిమిది) అడుగుతుంది. టెండరు కాగితంలో ఆ మాట ఉంటే మూలన బొమ్మ చూపించి బయటపడలేరు.

– నా ఫోన్‌లో టాక్‌బ్యాక్ పెడితే తెలుగు చదవట్లేదు సార్.

టాక్‌బ్యాక్ అంటే ఆండ్రాయిడ్ ఫోన్ల స్క్రీన్ రీడర్. మీ ఫోనులో తెలుగు గొంతు దిగి ఉండదమ్మా. సెట్టింగుల్లో టెక్స్ట్ టు స్పీచ్‌కి వెళ్ళి తెలుగు వాయిస్ డేటా దించుకోండి. టాక్‌బ్యాక్ ఆన్ అయ్యాక ఒక వేలితో కుడికి తోస్తే తర్వాతిది చదువుతుంది, రెండుసార్లు తడితే నొక్కినట్టు, జరపాలంటే రెండు వేళ్ళు. ఎలా ఆపాలో ముందే తెలుసుకోండి, లేకపోతే కంగారుపడతారు. షార్ట్‌కట్ పెట్టుకుంటే వాల్యూమ్ బటన్లు రెండూ మూడు సెకన్లు పట్టుకుంటే ఆగుతుంది. ఆ ఫోను ఇట్టా ఇవ్వండి, మీరు కట్టిన సైటే తెరవండి. తెర ఆర్పేసి విందాం.